నీరు పల్లమెరుగు: కొల్లూరు వజ్రాల గనిని టోపోషీటులో వెతకడం

ఫోనులో మ్యాపు తెరిచి కృష్ణా నది వెంట వేలు జరుపుకుంటూ పోతే పులిచింతల దగ్గర నది ఒక్కసారిగా ఉబ్బుతుంది. నీలం రంగు కొండల సందుల్లోకి పాకుతుంది. ఆ నీలం కిందే కొల్లూరు ఉంది. పల్నాడు వాళ్లకు అది బెల్లంకొండ మండలంలో ముంపుకు పోయిన ఊళ్లలో ఒకటి. వజ్రాల చరిత్ర రాసేవాళ్లకు మాత్రం గోల్కొండ గనుల్లో ముందుగా గుర్తొచ్చే పేరు. గోల్కొండ కోటలో వజ్రాలేమీ దొరకలేదు, అక్కడ అమ్ముడయ్యాయంతే. తవ్వింది ఇలాంటి ఏటి ఒడ్డు ఊళ్లలో.

ఈ రెండు కథలనూ మనం విడివిడిగా చెప్పుకుంటాం. ఒకటి కోహినూర్ ఖాతాలో, ఇంకొకటి ఇరిగేషన్ ఖాతాలో. నా ఉద్దేశంలో రెండింటికీ కారణం ఒకటే. కొల్లూరులో వజ్రాలు దొరకడానికీ, కొల్లూరు మునిగిపోవడానికీ కారణం ఆ నేల ఎత్తు. ఎత్తుల సంగతి తెలియాలంటే ఫోను మ్యాపు చాలదు, టోపోషీటు కావాలి.

టోపోషీటును బడి పుస్తకాల్లో స్థలాకృతి పటం అంటారు. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా తయారుచేసే మ్యాపు అది. మనకు ఎక్కువగా కనిపించే స్కేలు 1:50,000, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరుకు నేల మీద అర కిలోమీటరు. కొల్లూరు ఉండే షీటు నంబరు 65 డి/2. చూడ్డానికి పాత స్కూటరు నంబరులా ఉంటుంది గానీ, అందులో ఊరి చిరునామా అంతా ఉంది. దేశాన్ని 4 డిగ్రీల పొడవు, 4 డిగ్రీల వెడల్పు గళ్లుగా కోస్తే 65వ గడి 80 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం, 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మధ్య వస్తుంది. ఆ గడిని మళ్లీ డిగ్రీకొకటి చొప్పున 16 ముక్కలు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలు ఇస్తారు. అక్షరాలు పక్కకు నడవవు, పై నుంచి కిందికి దిగుతాయి. పోటీ పరీక్షల కుర్రాళ్లు తప్పు చేసేది ఇక్కడే. అలా దిగితే డి అంటే 80-81, 16-17 డిగ్రీల ముక్క. దాన్ని ఇంకోసారి 16 చేస్తే ఒక్కొక్కటి 15 నిమిషాల షీటు, మళ్లీ పై నుంచి కిందికే నంబర్లు. రెండోది మనది. తమాషా ఏమిటంటే పులిచింతల డ్యాం 16 డిగ్రీల 46 నిమిషాల దగ్గర ఉంది, కాబట్టి అది పై షీటు, 65 డి/1 లోకి పోతుంది. ముంచిన కట్ట ఒక కాగితం మీద, మునిగిన ఊరు ఇంకో కాగితం మీద. రెండూ పక్కపక్కన పరిస్తేగానీ కథ అర్థం కాదు.

షీటు నిండా గోధుమ రంగు గీతలు మెలికలు తిరుగుతుంటాయి. అవే కాంటూర్లు. ఎండాకాలంలో చెరువు తగ్గేటప్పుడు గట్టు వెంట మట్టి చారలు మిగులుతాయి చూశారా? ఒక్కో చార ఒకనాటి నీటి మట్టం. చార మీద ఎక్కడ నిలబడ్డా ఎత్తు ఒకటే. కాంటూరు అచ్చంగా అదే, కాకపోతే చెరువు ఊహలో ఉంటుంది. మామూలుగా 20 మీటర్ల ఎత్తుకొక గీత గీస్తారు. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటే నిట్టనిలువు కొండ, దూరదూరంగా ఉంటే చదును నేల. నీరు పల్లమెరుగు అంటారు కదా, నీటికి సహజంగా తెలిసిన సంగతిని మనుషులు కాగితం మీద పెట్టుకోవడమే ఈ మ్యాపు.

ఇప్పుడు టావెర్నియర్ దగ్గరికి వద్దాం. 17వ శతాబ్దంలో మన వైపు చాలాసార్లు తిరిగిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి. 1676లో అచ్చయిన తన యాత్రల పుస్తకంలో ఈ గని గురించి చాలా వివరంగా రాశాడు. గోల్కొండ నుంచి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణం. పెద్ద నది ఒడ్డున ఊరు. ఊరికి లీగున్నర దూరంలో ఎత్తయిన కొండ. ఊరికీ కొండకీ మధ్య మైదానం, వజ్రాలు దొరికేది అందులోనే. ఆ తరువాత ఒక మాట అంటాడు: కొండ వైపు జరిగేకొద్దీ పెద్ద రాళ్లు దొరుకుతాయి, కానీ మరీ పైకి ఎక్కితే ఏమీ దొరకదు.

టావెర్నియర్ కాలానికి కాంటూరు మ్యాపులు లేవు. అయినా ఆయన చెప్పింది కాంటూర్ల భాషే. కింద ఒక హద్దు, పైన ఒక హద్దు, మధ్యలో ఒక పట్టీ. ఫ్రెంచి లీగు సుమారు 4 కిలోమీటర్లు అనుకుంటే లీగున్నర అంటే 6 కిలోమీటర్లు, టోపోషీటు మీద 12 సెంటీమీటర్లు. ఒక స్కూలు స్కేలు చాలు కొలవడానికి. అంతకు ముందే, మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వ్యాపారం చూసుకున్న విలియం మెథ్‌వోల్డ్ కూడా గని పెద్ద కొండ పాదాన, కృష్ణా నదికి దగ్గర్లో ఉందనే రాశాడు. అప్పట్లో 30,000 మంది పనిచేస్తున్నారన్నాడు. టావెర్నియర్ నాటికి ఆ లెక్క 60,000 అయింది. ఇలాంటి గుండు అంకెలను నేను పెద్దగా నమ్మను. జనం కిటకిటలాడేవాళ్లని అర్థం చేసుకుంటే చాలు.

ఆ పట్టీలోనే ఎందుకు దొరికాయి? వజ్రం పుట్టేది భూమి లోపల, 150 కిలోమీటర్లకు పైగా లోతులో. కింబర్లైట్ లాంటి శిల దాన్ని పైకి మోసుకొస్తుంది. అనంతపురం దగ్గర వజ్రకరూరులోనూ, కృష్ణకు నీళ్లిచ్చే నారాయణపేట ప్రాంతంలోనూ అలాంటి శిలలున్నాయి. కొల్లూరు గనిలో మాత్రం తవ్వింది అలాంటి శిలను కాదు, గులకరాళ్ల పొరను. వాన, ఎండ కలిసి పాత శిలను పొడి చేస్తాయి, వాగులు మోసుకుపోతాయి. దారిలో మెత్తనివన్నీ అరిగి బురదవుతాయి. వజ్రం అరగదు. పైగా బరువు: ఇసుకలో ఉండే స్ఫటికం నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువైతే, వజ్రం మూడున్నర రెట్లు. నది జోరుగా ఉన్నంతసేపు అన్నిటినీ లాక్కుపోతుంది. కొండల ఇరుకు దాటి వెడల్పు చోటికొచ్చి వేగం తగ్గగానే ముందు బరువైనవాటిని దించేస్తుంది. బియ్యం చెరిగేటప్పుడు చేటలో రాళ్లు ఒక పక్కకు చేరినట్టే.

ఈ రాళ్లన్నిటికీ అసలు పుట్టిల్లు ఏదన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలని వాదన. కింబర్లైట్ల నుంచి నేరుగా వచ్చాయనేవాళ్లు కొందరు, కర్నూలు వైపు బనగానపల్లె కంకర శిలల్లో ఒకసారి ఇరుక్కుని, అవి చితికాక రెండోసారి బయలుదేరాయనేవాళ్లు కొందరు. జగ్గయ్యపేట దగ్గర రామన్నపేటలో లాంప్రాయిట్ శిలలు (కింబర్లైట్ లాగే ఇవీ వజ్రాలను పైకి మోసుకురాగలవు) బయటపడ్డాక దగ్గర్లోనే తల్లి శిల ఉందేమోనన్న ఆశ పెరిగింది. టోపోషీటు ఈ వాదన తీర్చలేదు. అది నేల పైచర్మాన్ని చూపిస్తుంది, కడుపులో ఏముందో భూగర్భ పటం చెప్పాలి.

అయితే గని లోతు ఎంతో పరోక్షంగా చెప్పగలదు. టావెర్నియర్ లెక్కలో గుంతలు 10, 12, 14 అడుగులు. నీళ్లు పడితే ఇక ఆశ వదులుకోవడమే. మగవాళ్లు తవ్వేవాళ్లు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవాళ్లు. ఆ మట్టిని రెండడుగుల గోడ కట్టిన మడిలో పోసి, నీళ్లు నింపి, ఒకటి రెండు రోజులు నానబెట్టి, అంబలిలా అయ్యాక నీళ్లు వదిలేసేవాళ్లు. మిగిలింది ఎండాక చేటలతో చెరిగి, గడ్డలు కొట్టి, చేత్తో ఏరేవాళ్లు. కోత కోసి నూర్పు చేసే రైతుకు ఇందులో కొత్త పని ఒక్కటీ లేదు. అసలు గని దొరికిందే చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి, సుమారు 25 క్యారట్ల రాయి రూపంలో, అని టావెర్నియర్ విన్నాడు. 14 అడుగులకు నీళ్లు ఎందుకు పడ్డాయంటే ఆ మైదానం నది మట్టానికి అంత దగ్గరగా ఉంది కాబట్టి. మోటార్లు లేని కాలంలో గనికి అడుగు గీసింది కృష్ణే.

ఇక పేరు గొడవ. టావెర్నియర్ ఈ ఊరిని దేశభాషలో గని అంటారనీ, పారసీకంలో కొల్లూరు అంటారనీ రాశాడు. తెలుగువాడికి నవ్వొస్తుంది. ఊరి పేరేమిటని అడిగితే ఎవరో ‘గని’ అని ఉంటారు, ఆయన అదే పేరనుకున్నాడు. పారసీకంలో కూడా గనిని కాన్ అంటారు, దాంతో చిక్కు ఇంకాస్త బిగుసుకుంది. 1889లో ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్, జియాలజికల్ సర్వేలో పనిచేసినవాడు కాబట్టి, దారులూ దూరాలూ చూసుకుని ఈ గని కృష్ణ ఒడ్డున ఉన్న మన కొల్లూరే అన్నాడు. నదిలో కిందికి వస్తే కంచికచర్ల మండలంలో గని ఆత్కూరు అన్న ఊరు ఈనాటికీ ఉంది. మ్యాపులో ఊరి పేర్లు చదవడం కూడా తవ్వకమే.

ఆ పక్కనే పరిటాల ఉంది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినప్పుడు వజ్రాల గనులున్న పరిటాల పరగణాను మాత్రం నిజాం తన దగ్గరే ఉంచుకున్నాడు. బ్రిటిష్ కృష్ణా జిల్లా నడిమధ్యన ఏడు ఊళ్ల హైదరాబాదు సంస్థానం! 1948 దాకా ఉన్న ఆ దీవి చుట్టూ గీసిన సరిహద్దు ఏ వాగునూ కొండనూ పట్టించుకోలేదు. గీతలకు ప్రకృతిలో కారణం కనిపించకపోతే ఎవరి పేరాశో కారణమై ఉంటుంది.

పాత మ్యాపులతో ఇంకో చిక్కుంది, తెలియకపోతే కిలోమీటర్ల తేడా వస్తుంది. 19వ శతాబ్దపు రాతల్లో కొల్లూరు స్థానం 16 డిగ్రీల 42½ నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 5 నిమిషాల తూర్పు అని కనిపిస్తుంది. దాన్ని అలాగే ఫోనులో కొట్టి, ఇక్కడే కోహినూర్ పుట్టిందని స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లున్నారు. కానీ 1802లో సర్వేయరు లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన, దేశాన్నంతా త్రిభుజాలుగా కొలిచిన మహా త్రికోణమితి సర్వే రేఖాంశాలన్నిటినీ మద్రాసు అబ్జర్వేటరీ నుంచి లెక్కగట్టింది. ఆ అబ్జర్వేటరీ రేఖాంశమే అప్పట్లో సుమారు రెండున్నర నిమిషాలు ఎక్కువగా వేసుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో దిద్దుకునేదాకా దేశం మొత్తం కాగితం మీద ఆ మేరకు తూర్పుకు జరిగి ఉంది. మన అక్షాంశంలో రెండున్నర నిమిషాలంటే నాలుగు కిలోమీటర్లకు పైనే. అంటే ఆనాటి పటం మీద 80 డిగ్రీల 5 నిమిషాలు ఇవాళ్టి లెక్కలో 80 డిగ్రీల 2½ నిమిషాలు. ఒక గని మైదానం మొత్తం తప్పిపోవడానికి అది చాలు.

కోహినూర్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. అది కొల్లూరుదేనని మనం గట్టిగా చెప్పుకుంటాం. అయ్యుండవచ్చు. ఫలానా గనిలో ఫలానా రోజున తవ్వారని చూపించే కాగితం మాత్రం లేదు.

గనులకు టోపోషీటులో గుర్తు ఉంది. సర్వే ఆఫ్ ఇండియా గుర్తుల పట్టికలో గని, ద్రాక్ష పందిరి, గడ్డి, తుప్ప ఒకే వరసలో వస్తాయి. చరిత్రలో సగం వజ్రాల కథలకు మూలమైన గని అనే గుర్తుకు ద్రాక్ష పందిరి పక్కన చోటు. పాత నిర్మాణాలకు వేరే గుర్తు, మనుషులున్న ఊరికీ వదిలేసిన ఊరికీ వేర్వేరు గుర్తులు ఉంటాయి. తవ్వి తవ్వి వదిలేసిన నేల చితికిన నేలగా కనిపించాలి. కానీ 14 అడుగుల గుంత అంటే నాలుగున్నర మీటర్ల లోపు. 20 మీటర్లకొక గీత గీసే మ్యాపులో అలాంటి గుంతలు వేలు ఉన్నా ఒక్క కాంటూరు కూడా వంగదు. తరతరాల మనుషులు పడ్డ కష్టం రెండు గీతల మధ్య ఖాళీలోనే ఉండిపోతుంది. ఈ రోజుల్లో ఆ చుట్టుపక్కల పెద్ద గుంతలు కావాలంటే సున్నపురాయివి చూడాలి. జగ్గయ్యపేట, దాచేపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల గనులు ముందు కాలపు వజ్రాల గుంతలను మింగేసేంత పెద్దవి.

ఇప్పుడు ముంపు. పులిచింతల ప్రాజెక్టుకు 2004లో శంకుస్థాపన, 2013 డిసెంబరులో ప్రారంభోత్సవం. నిల్వ 45.77 టీఎంసీలు. నాగార్జునసాగర్‌కు దిగువన, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, డెల్టాకు అందుబాటులో నీళ్లు ఆపుకోవడం దాని పని. రిజర్వాయరు నిండితే నీరు 175 అడుగులకు, అంటే 53.34 మీటర్లకు చేరుతుంది. దాన్నే ఎఫ్ఆర్ఎల్ అంటారు. ముంపు ఊళ్లలో ఈ మూడు అక్షరాలు తెలియని మనిషి ఉండడు. పరిహారం రావాలా వద్దా, ఇల్లు ఉండాలా పోవాలా అని తేల్చేది ఆ అంకెకు కుదిరే కాంటూరే.

ఆ కాంటూరు టోపోషీటులో లేదు. 20 మీటర్ల లెక్కలో 40కి ఒక గీత, 60కి ఒక గీత ఉంటాయి, 53.34 మధ్యలో ఎక్కడో పడుతుంది. అంగుళానికి మైలు చొప్పున గీసిన పాత షీట్లలో సాధారణంగా 50 అడుగులకొక గీత. అక్కడా అంతే, 150కీ 200కీ సరిగ్గా నట్టనడుమ 175. అంటే అచ్చయిన ఏ గీతా ముంపు హద్దు కాదు. రెండు గీతల మధ్య దూరాన్ని చూసి అందాజుగా గీసుకోవాలి. కొండవాలులో ఆ అందాజు పది గజాలు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. చదును నేల మీద అలా కాదు. వందడుగులకు ఒక అడుగు వాలు ఉన్న పొలంలో ఎత్తు మూడడుగులు తప్పితే హద్దు మూడు వందల అడుగులు జరుగుతుంది. అందుకే టోపోషీటు చూసి ముంపు ప్రకటించరు, లెవెలింగ్ యంత్రం పెట్టి నేల మీద రాళ్లు పాతుతారు. మా ఇంటి ఈ గోడ ముంపులో ఉంది, ఆ గోడ లేదు అనే ఫిర్యాదులు ప్రతి ప్రాజెక్టు కింద వినిపిస్తాయి. వినడానికి వింతగా ఉన్నా చదును నేలలో అవి నిజం కావచ్చు.

ముంపు హద్దు ఇంట్లో కూర్చుని గీసి చూడాలనుకుంటే ఒక మంచి అవకాశం ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులపాటు రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. ఎస్ఆర్‌టీఎం అని ఆ డేటా ఉచితంగా దొరుకుతుంది. అప్పటికి పులిచింతల లేదు. కాబట్టి ఇప్పుడు నీళ్ల కింద ఉన్న కొల్లూరు మైదానం ఆ డేటాలో పొడిగా, ఎత్తుపల్లాలతో సహా ఉంది. క్యూజీఐఎస్ లాంటి ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి 53 మీటర్ల గీత అడిగితే రిజర్వాయరు ఆకారం కళ్ల ముందు తయారవుతుంది. కొన్ని మీటర్ల పొరపాటు ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని కోర్టుకు మాత్రం వెళ్లకండి. సర్వే ఆఫ్ ఇండియా కూడా ఓపెన్ సిరీస్ షీట్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. అందులో నంబర్ల పద్ధతి వేరు, 65 డి/2 అని వెతికితే దొరక్కపోవచ్చు.

గీత గీశాక కనిపించేది టావెర్నియర్ చెప్పిన ఆకారమే. ఒక పక్క నది, ఇంకో పక్క కొండ, నడుమ చదును. నది వేగం తగ్గి బరువులు దించిన చోటు, వరదల్లో పదేపదే ఒండ్రు పరిచిన చోటు, ఇంజనీరుకు నీళ్లు నిలిపే గిన్నెలా కనిపించే చోటు, మూడూ ఒకటే. అడ్డంగా కట్ట వేయడానికి ఇరుకు కావాలి, వెనక నిల్వకు వెడల్పు కావాలి. గులకరాళ్లు పేరుకోవడానికీ కావలసింది అలాంటి వెడల్పే. కృష్ణ అక్కడ రెండు రాష్ట్రాల సరిహద్దు కూడా, కుడి గట్టు ఆంధ్ర, ఎడమ గట్టు తెలంగాణ. నిజాం కాలంలోనూ అవతలి గట్టు హైదరాబాదు సంస్థానమే.

రిజర్వాయరు ఏడాది పొడవునా నిండి ఉండదు. 2021 ఆగస్టు 5న 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు మరమ్మతు కోసం నీళ్లు వదిలేశారు. మామూలు సంవత్సరాల్లో డెల్టాకు నీళ్లు ఇచ్చేకొద్దీ మట్టం దిగుతుంది. అప్పుడు తేలిన నేల మీదికి జనం వస్తారు. తొలకరి వానలకు కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వెతికినట్టే ఇక్కడా తల వంచుకుని రాళ్లు ఏరుతారు. మట్టం దిగేటప్పుడు ముందు బయటపడేది పై అంచు, అంటే కొండ వైపు అంచు. పెద్ద రాళ్లు దొరుకుతాయని టావెర్నియర్ చెప్పిన వైపు అదే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాత్రం నీళ్లు దిగినకొద్దీ కిందికి, నది వైపే నడుస్తారు.